దివికి వెళ్ళిన భాగ్యమ్మ

“ప్రభువు దగ్గరేంటి పిన్నీ, నాగాయలంక దగ్గర” అంది సరోజ, నిన్న పొద్దున గుడివాడ స్టేషన్లో, వంకాయల ధర చెప్పినంత మామూలుగా. ఆ ముక్క సువార్తమ్మ చెవిలో దూరిన దగ్గర్నుంచీ బయటికి రావడం లేదు. రాత్రి సరోజ ఇంట్లో చాప మీద దొర్లినా అదే, తెల్లారి బందరు బస్సెక్కినా అదే, బందర్లో బస్సు మారి అవనిగడ్డ దాటాక ఇప్పుడీ డొక్కు బండి గుంటగుంటకీ తనను ఎగరేసి కుదేస్తున్నా అదే. నాగాయలంక దగ్గర. ఇంకో గంటలో దింపేస్తాను తల్లీ అన్నాడు కండక్టరు. గంట! మలయాలో ఓడెక్కి, మద్రాసులో దిగి, రైల్లో గుడివాడ చేరేదాకా తను వస్తున్నది చచ్చిపోయిన అక్క దేశానికి. ఈ గంటలో మాత్రం బతికున్న అక్క దగ్గరికి వెళ్తోంది. ఉంటే. ఉంటేనే. సరోజకేం తెలుసు? గుడ్లవల్లేరులో తమ పక్కింటి పిల్ల, ఇప్పుడు గుడివాడలో కాపురం, అది భాగ్యమ్మను చూసి రెండు క్రిస్మసులు దాటిపోయాయి. రెండేళ్ళంటే మాటలా? ఆ సముద్రపు ఒడ్డున చలిజ్వరాలున్నాయి, గాలివానలున్నాయి, పాములున్నాయి, అన్నిటికంటే ముందు పస్తులున్నాయి. “అక్క పోయాక ఈ దేశంలో నాకెవరున్నారే” అని తను కళ్ళు తుడుచుకుంటే “పోవడమేంటి, పెద్దమ్మ దివిలో ఉందిగా” అంది అది. “అవునమ్మా, దివిలోనే ఉంది, ప్రభువు దగ్గర” అంది తను, కొంగు నోట్లో కుక్కుకుని. అప్పుడన్నదా మాట. అన్నాక, “ఏంటి పిన్నీ అలా చూస్తున్నావు, టీ తాగుతావా?” అని కూడా అడిగింది, మొద్దు మొహం.

దివి. గుడ్లవల్లేరులో పుట్టిన మనిషి వినని మాటా అది! కృష్ణ చివర్లో రెండు పాయలై సముద్రంలో కలిస్తే, ఆ పాయల మధ్య నేలను దివి అనక ఏమంటారు? చిన్నప్పుడు దివి నుంచి ఎండుచేపల గంపలు రాలేదా, దివికి కోతలకు పోతున్నామని పేటలో సగం మంది మూటలు కట్టలేదా? అయినా పదేళ్ళు. మలయాలో కొబ్బరితోట కూలీల లైన్లలో, ఆ వరస ఇళ్ళలో, పదేళ్ళపాటు ఆ మాట ఆదివారం పాటల్లో తప్ప ఇంకెక్కడా వినబడలేదు, పాటల్లో దివి ఒకటే, పైనున్నది. పైగా ఉత్తరం చదివింది అప్పారావు. విశాఖపట్నం వైపు మనిషి, తోట ఆఫీసులో గుమాస్తా, లైన్లలో తెలుగు చదవగలిగిన ఒకే ఒక్క నోరు, ఆ నోటికి గ్రాంథికం అంటే బెల్లం ముక్క. కృష్ణా జిల్లా మొహం ఎరగడు. యుద్ధం వచ్చి మూడున్నరేళ్ళు ఉత్తరాల్లేవు. జపానువాళ్ళు తన పెనిమిటి దేవదానాన్ని సయాంలో రైలుదారి వెయ్యడానికి తోలుకుపోయారు, దారి మిగిలింది, దేవదానం మిగల్లేదు. యుద్ధం అయ్యాక, నలభై ఆరులో, గుడ్లవల్లేరు బడిపంతులు సామ్యేలుగారి ఉత్తరం వచ్చింది. ఆ వాక్యాలు ఆమెకు ఇప్పటికీ కీర్తన వచ్చినట్టు వచ్చు. ‘మీ అక్క భాగ్యమ్మ పిల్లలిద్దరితో దివికి వెళ్ళిపోయినది. ఇక్కడి బాధలు ఆమెకిక లేవు. అక్కడ ఏ కొదువా లేదని విన్నాము. మీరు దిగులు పడవద్దు.’ మొదటి వాక్యానికే అప్పారావు గొంతు వణికింది, మూడో వాక్యానికి కళ్ళజోడు తీశాడు. ఇంక మాటకు అర్థం వెతికేదెవరు? గొంతే చెప్పేసింది. తను నేలమీద పడి పొర్లితే అప్పారావు పెళ్ళాం దుర్గ పరుగెత్తుకొచ్చి తల ఒళ్ళో పెట్టుకుంది. అక్క, అక్క కొడుకు, అక్క కూతురు, ముగ్గుర్నీ ఒక్క సాయంత్రంలో పూడ్చేశారు అందరూ కలిసి. మళ్ళీ ఉత్తరం రాయిస్తే ఆ కవరు తిరిగొచ్చింది, సామ్యేలుగారు కాలం చేశారని. ఆయన మాత్రం నిజంగా పైనున్న దివికే వెళ్ళారు. ఏ కొదువా లేదట! నాగాయలంక వైపు కూలిపని దొరుకుతుందని ఆ మహానుభావుడి భావం కాబోలు. ఆ మాటేదో తిన్నగా రాసి ఏడవచ్చుగా. ఛీ, పోయిన మనిషిని తిట్టకూడదు. కానీ లాజరంతటివాడు సమాధిలోంచి నాలుగు రోజులకే లేచి వచ్చాడు కదా ప్రభువా, మా అక్కకు పన్నెండేళ్ళు పట్టించావేం?

బస్సు ఎక్కడో ఆగింది, ఎవరో దిగారు, ఎవరో మేకపిల్లను చంకలో పెట్టుకుని ఎక్కారు. ఒళ్ళో బిస్కట్ల డబ్బా గలగలమంది. సువార్తమ్మ మూత మీద చెయ్యి వేసింది, పసిపిల్ల వీపు మీద వేసినట్టు. ఆ ఉత్తరం వచ్చాక వారం రోజులు పొయ్యి వెలిగించలేదు. ఎనిమిదో రోజున దుర్గ బియ్యం తెచ్చి ముందర పోసి “వండుకో తల్లీ, నువ్వు మాడితే వాళ్ళు రారు” అంది. తను చేట లాక్కుంది. చెయ్యి దానంతటదే పిడికెడు తీసి పక్కన పెట్టింది. అక్క నేర్పిన చెయ్యి అది. అమ్మ పోయేనాటికి తనకు ఆరేళ్ళు, అక్కకు పదహారు. ఎసట్లో బియ్యం పోసే ముందు దేవుడి పేరున పిడికెడు తీసి ముంతలో వెయ్యడం, ఆదివారం ఆ ముంత గుడికి పట్టుకెళ్ళడం పేటలో క్రైస్తవుల ఇళ్ళల్లో ఆడవాళ్ళందరూ చేసేదే, అక్క కనిపెట్టిందేం కాదు. కానీ అక్క పిడికిలి వేరు. వేళ్ళ సందుల్లోంచి గింజలు కారేంత నిండుగా పట్టేది. అడ్డెడు బియ్యమున్నా అంతే, సోలెడున్నా అంతే. “మనకే చాలవు కదక్కా” అని తను ఏడిస్తే, “పిడికెడు తీసినా చాలవు, తియ్యకపోయినా చాలవు, తీసే తిందాం పదవే” అనేది. ఆ మాటలో ఏం న్యాయం ఉందో తనకు ఆ రోజుల్లో బోధపడలేదు. మలయాలో ఆ ఎనిమిదో రోజున బోధపడింది. ఈ పిడికెడు అక్క పేరున అనుకుంది, ఈ బిస్కట్ల డబ్బాలోనే వేసింది. మర్నాడూ వేసింది. ఆ మర్నాడూ వేసింది. దుర్గ చూసి, “మా సింహాద్రి అప్పన్నకీ మీ ప్రభువుకీ తగాదా లేదులే, పిడికెడు పిడికెడే” అని తనూ ఒక డబ్బా పెట్టింది. తర్వాత ఈ చివర లైను, తర్వాత ఆ చివర లైను. నెలాఖరుకి బియ్యమంతా తోట కొట్లో ఇచ్చేయడం, వచ్చిన డబ్బు పోగుచేసి ఏడాదికోసారి బందరులో సంఘపెద్దలకు పంపడం. ‘దివంగత భాగ్యమ్మ జ్ఞాపకార్థము, మన దేశములోని బీద కుటుంబములకు’ అని అప్పారావు రాసేవాడు. దివంగత అన్నది అతని మాటే, తనకు ఆ మాట నోరు తిరిగేది కూడా కాదు. సముద్రపు ఒడ్డు పల్లెల్లో నలభై ఇళ్ళకు, నాట్లకు ముందు పనుల్లేని రోజుల్లో బియ్యం ఇచ్చామని వాళ్ళు జవాబు రాసేవారు. సముద్రపు ఒడ్డు అన్నారే గాని ఏ ఒడ్డో తను అడగలేదు. బీదవాళ్ళు ఏ ఒడ్డునైతేనేం అనుకుంది. ఈ ఏడు ఆడవాళ్ళంతా కూడబలుక్కుని తనను ఓడెక్కించారు, “పన్నెండేళ్ళు కాగితమే పంపాం, మా చేతి గింజ ఒక్కసారన్నా వాళ్ళ ఎసట్లో పడనీ” అని ఇంటికో పిడికెడు ఈ డబ్బాలో పోశారు. దుర్గ రెండు పిడికిళ్ళు పోసింది, దాని చెయ్యి ఎప్పుడూ అంతే.

“ఆ డబ్బాలో ఏంటమ్మా, అలా పట్టుకున్నారు, నగలా?” అన్నాడు కండక్టరు.

“బియ్యం నాయనా. మలయా నుంచి తెచ్చాను.”

బస్సు బస్సంతా ఘొల్లుమంది. “కృష్ణా జిల్లాకి బియ్యం తెచ్చారా! బందరుకి లడ్డూలు మోసుకెళ్ళినట్టుందండీ యవ్వారం” అన్నాడు, నవ్వలేక స్తంభం పట్టుకుని. తనూ నవ్వింది. నవ్వొచ్చే మాటేగా. కానీ నవ్వు గొంతు దిగేసరికి మంటగా మారింది. కిటికీలోంచి చూస్తే కనుచూపు మేర పొలాలే, ఎండి నెర్రెలు విచ్చి, వానకోసం నోళ్ళు తెరుచుకుని. రెండు నెలలు పోతే ఇదంతా పచ్చటి తివాచీ. నాటేది ఎవరు? కలుపు తీసేది, కోసేది, కుప్ప వేసేది, నూర్చేది, ఆసాముల గాదెల్లో పోసేది ఎవరు? జ్యేష్ఠం వచ్చేసరికి ఆ చేతుల ఇంట్లో కుండ బోర్లించి ఉంటుంది. అన్నం పండే చోట అన్నం లేకే కదా తను దేవదానంతో ఓడెక్కింది! నవ్వండి బాబూ, నవ్వండి, మీ జిల్లా బియ్యం మీ జిల్లాలో అందరికీ అందిన రోజున నేనూ మీతో కలిసి కడుపారా నవ్వుతాను. కోపం వచ్చింది గానీ ఎక్కువసేపు నిలవలేదు, ఎందుకంటే రోడ్డు పక్క కాలవలో నీళ్ళు కనబడ్డాయి. ఎర్రటి కొత్త నీళ్ళు, చెత్తాచెదారం తోసుకుంటూ, బస్సుతో పందెం వేసినట్టు వస్తున్నాయి. కాలవలు వదిలేశారు! నీళ్ళొచ్చాయంటే ఆకుమళ్ళు పోస్తారు, ఆకుమళ్ళు పోస్తే పనులొస్తాయి. అక్కకు నీళ్ళంటే పండగ. కాలవ వదిలిన రోజున పని మానేసి గట్టున నిలబడి చూసేది. ఉంటే ఈ రోజు కూడా చూస్తూ ఉంటుంది. ఉంటే.

పక్క సీట్లో ముంజల గంప పెట్టుకున్న మామ్మను ఇక అడక్కుండా ఉండలేకపోయింది. ఇందాకటి నుంచీ నాలుక చివర ఆడుతోంది, అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని మింగేస్తోంది. “నాగాయలంక పల్లెలో భాగ్యమ్మ అని ఎవరైనా ఎరుగుదురా మామ్మా?”

“భాగ్యమ్మా? బియ్యం భాగ్యమ్మా?” అంది మామ్మ. “అయ్యో, ఆవిడెప్పుడో చచ్చిపోయిందిగా అమ్మా.”

సువార్తమ్మకు బస్సు ఆగిపోయినట్టయింది. ఆగలేదు, ఎగిరి కుదేసింది కూడా, కానీ తనకు తెలియలేదు. ఒక్క రాత్రి. ఒక్కటంటే ఒక్క రాత్రి బతికించి మళ్ళీ తీసుకుపోయావా తండ్రీ. “ఎప్పుడు?” అని అడిగింది. “ఏమో తల్లీ, మాది పక్క ఊరు. ఏటా ఆవిడ పేరు చదివేగా బియ్యం పంచేది. ఎవరో మలయా మారాణి అంట, చచ్చిపోయిన వాళ్ళక్క పేరున పంపుతుందంట. మా కోడలూ తెచ్చుకుంది రెండేళ్ళు.” అని మామ్మ ముంజలు సర్దుకుంది. సువార్తమ్మకు ఊపిరి నెమ్మదిగా తిరిగొచ్చింది. నేనేనే మామ్మా ఆ మారాణిని, తోట ఆస్పత్రిలో ఆయాను. నువ్వు నాకు చెప్తున్నది నేను పంపిన చావు కబురే. ఎక్కడో కొబ్బరిచెట్ల కింద తను ఏడ్చిన ఏడుపు సముద్రం దాటి, బందరు దాటి, ఈ ముసలమ్మ నోట్లోంచి తిరిగి తన చెవిలోనే పడింది. అయితే ఇది నిజమూ కాదు, అబద్ధమూ కాదు, అక్క ఉందో లేదో ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఉందే అనుకో. ఇదిగో, ఇదే సువార్తమ్మ రాత్రంతా తలుచుకోకుండా తప్పించుకు తిరిగిన ముల్లు. ఉంటే, అందులోనూ మామ్మ చెప్పినట్టు ఏటా తన పేరు తను చెవులారా వింటూ, నేను బతికే ఉన్నానర్రా అని ఒక్క ముక్క ఎందుకు రాయించలేదు? పంతులు లేడా, కార్డు దొరకదా? రాయించలేదంటే ఒకటే కారణం. ముప్ఫై ఆరులో, గుడ్లవల్లేరులో బండి కట్టిన పూట, అక్క వాకిట్లో నిలబడి ఏమంది? “నిన్ను నేను కన్నతల్లిలా పెంచితే నన్నొదిలి సముద్రాలు దాటుతావటే? వెళ్ళు. నాకు నువ్వు చచ్చినట్టే.” అని తలుపు వేసుకుంది. తను తలుపు కొట్టింది, మొగుడు బండిలోంచి పిలుస్తున్నాడు, మళ్ళీ కొట్టింది, తెరవలేదు. ఇరవై ఏళ్ళ పిల్లకు పౌరుషం, తనూ తిరిగి చూడలేదు. యుద్ధానికి ముందు తను రాయించిన ఉత్తరాలకు సామ్యేలుగారే జవాబు రాసేవారు, అక్క ఒక్క మాట చెప్పి రాయించలేదు. అక్క మాటంటే మాటే. చచ్చినట్టే అంది కాబట్టి చచ్చినట్టే ఉంచింది. ఇప్పుడు ఈ బస్సు దిగి, పల్లెలోకి వెళ్ళి, ఆ వాకిట్లో నిలబడితే మళ్ళీ ఆ తలుపే మొహాన వేస్తే? చచ్చిపోయిన అక్కకు కోపం లేదు, పన్నెండేళ్ళూ పిడికెడు తీసినప్పుడల్లా డబ్బా పక్కన కూర్చుని నవ్వేది. బతికున్న అక్క సంగతే తెలియదు. సిగ్గులేని మనసు ఒక్క క్షణం అనుకుంది కూడా, లేకపోతేనే నయమేమోనని. వెంటనే లెంపలు వేసుకుంది, బస్సులో అందరి ముందూ, చటుక్కున. మేకపిల్ల ఆమె వంక విచిత్రంగా చూసింది.

“నాగాయలంక! మలయా బియ్యంగారూ, దిగండి దిగండి” అని కండక్టరు అరిచాడు. దిగింది. డబ్బా చంకన పెట్టుకుంది. పల్లె చివర గుడి పాక, దాని పక్క ఇల్లు, వాకిట్లో మునగచెట్టు అని సరోజ ఆనవాళ్ళు చెప్పింది. ఎవరినీ అడగలేదు, అడిగితే మళ్ళీ ఎవరు చంపుతారోనని భయం. ఉప్పుగాలి మొహానికి కొట్టింది. పల్లె మధ్య పిల్లలు ఒక చక్రాన్ని కర్రతో తోలుకుంటూ ఎదురొచ్చారు, బొమికలు కనబడే పిల్లలే గాని గొంతులు మాత్రం ఖంగుమంటున్నాయి. వీళ్ళేనా తన నలభై ఇళ్ళు? ఆ నల్లపిల్ల, చీమిడి ముక్కుది, దాని ఒంట్లో లైన్లవాళ్ళ పిడికెడు ఎక్కడో ఉందన్నమాట. ఆ ఊహకు కాళ్ళలో బలం వచ్చింది.

మునగచెట్టు కింద, వాకిట్లో పొయ్యి. ఒక ముసలావిడ అటు తిరిగి కూర్చుని చేటలో బియ్యంలోంచి మట్టిబెడ్డలు ఏరుతోంది. నడుం వంగింది, జుట్టు తెల్లగా పండింది. అక్కకు యాభై రెండేగా, అక్క ఇంత ముసలిదా? కాదు. అక్క కాదు. అప్పుడా చెయ్యి చేటలోకి వెళ్ళింది. పిడికిలి పట్టింది, వేళ్ళ సందుల్లోంచి గింజలు కారేంత నిండుగా. పక్కనున్న ముంతలో వేసింది. మళ్ళీ ఇంకో పిడికెడు తీసింది, అంతే నిండుగా, దాన్ని ఒక సొట్ట సత్తుగిన్నెలో వేసింది. సువార్తమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. చంకలో డబ్బా గలగలమంది.

“ఎవరమ్మా అది?” అంది ముసలావిడ తిరిగి.

“నేనక్కా. సువార్తని.”

భాగ్యమ్మ చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని చూసింది. తల నుంచి కాళ్ళదాకా చూసింది. “లావయ్యావే” అంది. అని చేట కిందపెట్టబోయింది, గింజలు ఒలికిపోయాయి, సువార్తమ్మ చేట అందుకుని తను కూడా అక్కడే కూలబడింది. ఎంతసేపు ఏడ్చారో ఇద్దరికీ లెక్కలేదు. పిల్లలు చక్రం ఆపి చూసి చూసి విసుగు పుట్టి వెళ్ళిపోయారు.

“నువ్వు చచ్చిపోయావనుకున్నానక్కా.”

“తెలుసులేవే.”

“తెలిసి కూడా చెప్పలేదా! నా మీద అంత కోపమా?”

“కోపమేంటే నీ మొహం” అంది భాగ్యమ్మ, ముక్కు చీదుకుంటూ. “మొదట రెండేళ్ళూ తెలీదు. దివంగత భాగ్యమ్మ అని చదివేవాళ్ళు. దివికి వచ్చిన భాగ్యమ్మ అని కాబోలు, నా చెల్లెలు ఎంత మర్యాదగా రాయించిందో చూడండర్రా అని పల్లెంతా చెప్పుకున్నాను. మూడో ఏడు కొత్త పంతులుగారొచ్చి, దివంగతంటే చచ్చిపోయినామె అమ్మా అన్నారు. నవ్వలేక చచ్చాననుకో. బతికే ఉన్నావని రాసేదా అంటే నేనే వద్దన్నాను. చచ్చినదాని పేరున పంపుతున్నారు, బతికుందంటే ఇంకెందుకు పంపుతారు? నలభై కొంపలే. పసిగుడ్లే. నేనొక్కదాన్ని చస్తే పోయేదేముంది, తింటూనే చచ్చానుగా. ఊళ్ళో వాళ్ళందరిచేతా ఒట్టు వేయించాను, నోరు మెదపొద్దని.” అక్కడ ఆగి, చెల్లెలి మొహంలోకి బెదురుగా చూసింది. ఎప్పుడూ ఎవరికీ బెదరని అక్క. “ఇప్పుడు చూసేశావుగా. ఆపేస్తారా ఏంటి?”

సువార్తమ్మ అక్క చెయ్యి పట్టుకుంది. “లైన్లలో అందరికీ చెప్తానక్కా. దుర్గ నవ్వి నవ్వి దొర్లుతుంది. పిడికెడు ఆపే ఆడది అక్కడ ఒక్కతీ లేదు, ఈ డబ్బాలోవి వాళ్ళు పోసిన బియ్యమే. అప్పారావుని మాత్రం ఆ మాట మార్చొద్దంటాను. దివంగత భాగ్యమ్మే. అబద్ధమేముంది, దివికి వచ్చినదానివేగా.”

భాగ్యమ్మ పకపకా నవ్వింది. గుడ్లవల్లేరు నవ్వు, పళ్ళు కొన్ని తగ్గాయంతే. కొడుకు ఆకుమడి దున్నడానికి పోయాడట, కూతురికి ఇద్దరు పిల్లలట, కాలవ నీళ్ళు పొద్దున్నే వచ్చాయట, గట్టున నిలబడి చూసి వచ్చిందట. అన్నీ ఒక్క ఊపిరిలో చెప్తోంది. సువార్తమ్మ చూపు మాత్రం ఆ సొట్ట సత్తుగిన్నె మీదే ఉంది.

“ముంతలోది దేవుడిది. మరి ఆ రెండోది ఎవరికక్కా?”

“నీది” అంది భాగ్యమ్మ, పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ. “నాకు నువ్వు చచ్చినట్టే అన్నానుగా ఆ పూట. బండి మలుపు తిరగ్గానే తలుపు తీసి పరుగెత్తాను, అందలేదు. పాడు నోరు, పాడు నోరు అని కొట్టుకుని, ఆ రాత్రి నుంచే నీ పేరున తియ్యడం మొదలుపెట్టాను. ఆకలని ఎవరొచ్చినా అందులోంచి పెడతాను. నువ్వే దేశంలో ఉన్నా నీ కంచంలో మెతుకుండాలని. ఇరవై రెండేళ్ళయింది, ఒక్క పూట మానలేదే. ఇంక ఏడుపు చాలు గాని, ఎసరు మరిగిపోతోంది, ఆ డబ్బా ఇలా తే.”